విజయపురి నుంచి విజయపురికి

తీరం వెంట ప్రయాణం అనగానే మనకు చప్పున తట్టేది విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్ళే దారి. ఒక పక్క సముద్రం, మరో పక్క కొండలు, ఆ కొండల మీద తొట్లకొండ, బావికొండ బౌద్ధారామాలు, ఇంకొంచెం ముందుకు పోతే ఎర్రమట్టి దిబ్బలు. ఆ దారి నాకూ ఇష్టమే. అయితే నీటి ఒడ్డున ఆగి ఆగి చూడదగిన దారి ఒకటి చెప్పమని ఎవరైనా నన్నడిగితే, సముద్రానికి చాలా ఎడంగా ఉన్న మరొక దారి చెబుతాను. మాచర్లలో బయలుదేరి, ఎత్తిపోతల దగ్గర ఆగి, విజయపురి సౌత్ చేరి, అక్కడినుంచి అనుపు దాకా పోయే దారి అది. అంతా కలిపినా నలభై కిలోమీటర్లకు మించదు. ఆ పైన లాంచీ ఎక్కితే నాగార్జునకొండ.

పల్నాటిని కోస్తాలో లెక్కవేయడం మనకు ఆనవాయితీ. నిన్నమొన్నటి దాకా గుంటూరు జిల్లాలో భాగం. 2022 ఏప్రిల్ 4 న నరసరావుపేట కేంద్రంగా వేరే జిల్లా అయింది. పేరుకు కోస్తాయే గాని ఇక్కడ సముద్రపు గాలి సోకదు. ఎండ, నాపరాయి, మిరప చేలు, నల్లమల అంచు. అయినా ఇక్కడొక తీరం ఉంది. దాని వయసు అరవై ఏళ్ళు. అంతకు ముందు అది తీరం కాదు, కొండవాలు. ఆ వాలు కింద ఒక లోయ, లోయలో పల్లెలు, పల్లెల కింద మట్టిలో ఒక రాజధాని ఉండేవి. ఇప్పుడు ఆ మూడింటి మీదా నీళ్ళున్నాయి. మనం ఒడ్డున నిలబడి "ఎంత అందంగా ఉంది!" అనుకుంటాం. ఆ అందం అబద్ధం కాదు. కాని ఆ మాట అన్న ప్రతిసారీ నాకెందుకో గొంతులో చిన్న జంకు. ఆ జంకు ఎక్కడినుంచి వస్తోందో తేల్చుకుందామనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

దారి మొదలు మాచర్ల. ఇక్కడ ఆగవలసిన చోటు చెన్నకేశవస్వామి ఆలయం. ఊరి పక్కనే చంద్రవంక వాగు. పన్నెండవ శతాబ్దిలో బ్రహ్మనాయుడి పేరుతో ముడిపడిన గుడి ఇది. పల్నాటి వీరుల కథ మన పిల్లలకు బాలచంద్రుడి పౌరుషంగానో, కోడిపందెంగానో తెలుసు. జనశ్రుతి నిలబెట్టుకున్న మరో సంగతి చాపకూడు, అంటే కులాలన్నీ ఒకే చాప మీద కూర్చుని తినడం. ఆ కథను కావ్యంగా కట్టినవాడు శ్రీనాథుడు. ఈ సీమలో నీళ్ళకూ సన్నబియ్యానికీ మొహం వాచి, జొన్నకూడు తినలేక విసుక్కుని చాటువులు చెప్పాడని ఆయన పేరు మీదే ప్రతీతి. ఆ చాటువులు నిజంగా ఆయనవే అయినా కాకపోయినా, అవి చెప్పే కరువు మాత్రం నిజం. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, ముందుకు పోయాక అవసరమవుతుంది.

మాచర్ల గుడిని నేను మొదట చూడమనడానికి మరో కారణం ఉంది. ఈ దారిలో తన చోటు నుంచి కదలకుండా ఉన్న పాతకట్టడం ఇదొక్కటే. ఇక్కడినుంచి ముందుకు మనం ఆగి చూసేవన్నీ దాదాపు ఎక్కడినుంచో మరెక్కడికో తరలి వచ్చినవే.

జలపాతం కూడా అంతే అంటే నమ్ముతారా? సాగర్‌కు పదకొండు కిలోమీటర్లు ఇవతల ఎత్తిపోతల. మాచర్లలో మనం చూసిన చంద్రవంకే, నక్కలవాగునూ తుమ్మలవాగునూ కలుపుకుని, కృష్ణలో కలవబోయే ముందు ఇక్కడ సుమారు డెబ్భై అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. ఎదుటి గట్టున నిలబడి చూస్తే బండల మీద తెల్లగా పాయలు పాయలుగా జారే నీరు, కింద ముదురుపచ్చని మడుగు, ఆ మడుగులో మొసళ్ళు. మొసళ్ళ పెంపక కేంద్రం ఉన్నది ఇక్కడే. పక్కన రంగనాథుడి గుడి, దత్తాత్రేయుడి గుడి ఉన్నాయి. యతులు తపస్సు చేసిన చోటు గనుక 'యతి తపోతలం' అన్నది ఎత్తిపోతల అయిందని అక్కడివాళ్ళు చెబుతారు. ఎత్తి పోసినట్టు పడుతుంది గనుక ఎత్తిపోతల అని నాకనిపిస్తుంది. వానాకాలంలో ఈ నీరు చంద్రవంక సొంతం. ఎండాకాలంలో ధార ఆగిపోకుండా పైనున్న కాలువ నుంచి నీళ్ళు వదులుతారు. అంటే వేసవిలో మీరు ఫొటో తీసుకునే జలపాతంలో కొంత కృష్ణమ్మే ఉంటుంది. ఆనకట్ట దగ్గర ఆగి, కాలువలోకి మళ్ళి, వాగులోకి దిగి, మళ్ళీ తననే కలుసుకోవడానికి చుట్టుదారిన వస్తోందన్న మాట.

ఎత్తిపోతల దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ దిగుతుంది. ఒక మలుపులో ఉన్నట్టుండి ఎడమకు జలాశయం కనబడుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు సముద్రమే అనుకుంటారు. 'సాగరం' అని పేరు పెట్టినవాళ్ళు ఊరికే పెట్టలేదు.

విజయపురి సౌత్ ఒక కాలనీ. ప్రాజెక్టు కట్టే రోజుల్లో ఇంజనీర్లకూ, ఉద్యోగులకూ, కూలీలకూ కృష్ణకు కుడిగట్టున వెలసిన ఊరు. ఎడమగట్టున హిల్ కాలనీ, పైలాన్ కాలనీ ఉన్నాయి, అటువైపు పేరు విజయపురి నార్త్. ఇంతకీ ఈ విజయపురి ఏమిటి? ఎవరి విజయం? కొత్త ఊరికి పేరు వెతుక్కున్నవాళ్ళు దూరం పోలేదు. నీళ్ళలో మునగబోతున్న నగరం పేరే తీసి, ఒడ్డున కట్టిన క్వార్టర్స్‌కు తగిలించారు. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దుల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. శాతవాహనుల తరువాత ఈ కృష్ణాతీరాన్ని ఏలినవాళ్ళు వాళ్ళు. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, ఎహువుల చాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు, ఈ నలుగురు రాజుల పేర్లు శాసనాల్లో దొరికాయి. చదరంగంలో ఒక గడి నుంచి మరో గడికి జరిపినట్టు పేరును జరిపారు. పాత విజయపురి ఒక్కటే. కొత్తవి రెండు, నది మధ్యలో. 2014 జూన్ 2 తరువాత ఆ రెండూ రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి. 2023 నవంబరు చివరలో ఆనకట్ట మీద ఎవరి హద్దు ఎంతదాకా అన్న వివాదంలో పోలీసులు ఎదురెదురుగా మోహరించినప్పుడు, ఒకనాటి రాజధాని పేరును రెండు ముక్కలుగా పంచుకున్న రెండు కాలనీలూ పక్కనే ఉండి చూశాయి. చరిత్రకు ఇలాంటి హాస్యం అలవాటే.

ఆనకట్ట సంగతి క్లుప్తంగా చెబుతాను, చాలామందికి తెలిసినదే గనుక. కృష్ణ మీద ఇక్కడ పెద్ద ఆనకట్ట రావాలని ఏళ్ళ తరబడి పట్టుబట్టి తిరిగినవారిలో ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ముఖ్యులు. 1955 డిసెంబరు 10 న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఈ కట్టడాన్ని ఆయన ఆలయంతో పోల్చింది ఆ రోజునే. 1967 ఆగస్టు 4 న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువకు జవహర్ పేరు, ఎడమకాలువకు లాల్ బహదూర్ పేరు. పునాది నుంచి 124 మీటర్ల ఎత్తు, రాతికట్టడం 1450 మీటర్ల పొడవు, రెండు పక్కల మట్టికట్టలతో కలిపి 4.8 కిలోమీటర్లు, 26 గేట్లు. నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగులు.

ఈ అంకెలన్నిటిలో నన్ను ఆపేది 'రాతికట్టడం' అన్న మాట. ఇది కాంక్రీటు పోసి లేపింది కాదు. రాయి పేర్చి, సిమెంటు మెత్తి, మనుషులు తట్టలతో మోసి లేపింది. ప్రపంచంలో రాతితో కట్టిన ఆనకట్టల్లో ఇంత పెద్దవి లేవంటారు. వేలాదిమంది కూలీలు, ఎక్కువమంది పాలమూరు వంటి కరువు సీమల నుంచి వచ్చినవాళ్ళు, ఇక్కడ ఏళ్ళకు ఏళ్ళు రాళ్ళు మోశారు. డ్యాం దిగువన వంతెన మీద నిలబడి ఆ గోడను చూసేటప్పుడు గేట్లను కాక ఆ రాళ్ళను చూడమని నా మనవి. గేట్లు తెరిచిన వర్షాకాలపు రోజుల్లో జనం నురగ చూడడానికి వస్తారు. నేను మాత్రం గేట్లు మూసి ఉన్న రోజునే ఇష్టపడతాను, అప్పుడే గోడ కనిపిస్తుంది.

లాంచీ స్టేషను ఊరికి దగ్గరే. ఒకసారి లాంచీ కోసం కాచుకుని మెట్ల మీద కూర్చుని నీళ్ళవైపు చూస్తుంటే, పక్కన చుట్ట కాలుస్తున్న పెద్దాయన అడిగాడు.

"ఏందయ్యా అట్టా జూస్తన్నావు? లాంచీ రావాలంటే ఇంకా శానాసేపుంది."

"లాంచీ కోసం కాదు బాబాయ్. ఈ నీళ్ళు లేనప్పుడు ఇక్కడెట్లా ఉండేదో అనుకుంటున్నా."

"ఎట్టుండేదా? చేలుండేయి. మా నాయన జొన్నేసేవోడు. అదుగో, ఆ కొండ నీళ్ళలో కాలుబెట్టినట్టుందే, దాని పక్కన మా వూరు. నేను గుడ్డలు లేకుండా ఆడుకున్న వూరు."

ఏమనాలో తోచక, బాధగా ఉంటుందా అని అడిగాను. అడిగాక సిగ్గనిపించింది. ఆయన చుట్ట పక్కన పెట్టి కాసేపు ఆలోచించాడు.

"కాలవ కింద మా అల్లుడికి రెండెకరాలుంది. వరి పండిద్ది. ఇంట్లో అందరం అన్నం తింటన్నాం. ఏమని బాధపడేది నాయనా?"

ఇంతకంటె న్యాయంగా ఈ ఆనకట్ట గురించి ఎవరూ చెప్పలేదని నాకనిపిస్తుంది. కుడికాలువ కింద గుంటూరు, ప్రకాశం సీమల్లో పదకొండు లక్షల ఎకరాలకు పైగా నీరివ్వాలని సంకల్పం. శ్రీనాథుడి పేర చలామణీ అయ్యే జొన్నకూటి వెటకారానికి ఐదారువందల ఏళ్ళ తరువాత దొరికిన జవాబు ఈ నీరు. అది మరచిపోయి మునిగిన రాళ్ళ కోసం మాత్రమే కన్నీళ్ళు పెట్టుకోవడం, కడుపు నిండినవాడి తీరిక. అలాగే ఆ నీరు చూపించి మునిగిన ఊళ్ళను లెక్కలోంచి కొట్టేయడం కూడా అన్యాయమే. ఆ పెద్దాయన రెండు చేతుల్లో రెండూ పట్టుకుని కూర్చున్నాడు. మనం కూడా అలా పట్టుకోవడం నేర్చుకోవాలి.

ఆ లోయ కథ ఇది. నల్లమల కొండలు మూడు వైపులా, కృష్ణ ఒక వైపు. మధ్యలో పుల్లారెడ్డిగూడెం మొదలైన పల్లెలు. సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడొక ప్రాచీన స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశాడు. 1926 లో శాసనశాఖలోని తెలుగు సహాయకుడు రంగస్వామి సరస్వతి వచ్చి చూశాడు. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్, 1938 లో టి. ఎన్. రామచంద్రన్ తవ్వించారు. శాసనాలను వోగెల్ చదివి ప్రకటించాడు. ఒక బడిపంతులు దారిలో ఆగి ఒక రాయిని తేరిపార చూడకపోతే ఇదేదీ లేదు. ప్రయాణంలో ఆగడానికి ఇంతకంటె గొప్ప ఉదాహరణ నాకు తెలియదు.

ఆనకట్ట ఖాయమయ్యాక, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ లోయనంతా తవ్వింది. ముందు తవ్వకం, వెనక తరుముకొస్తున్న నీళ్ళు. పాతరాతియుగపు పనిముట్ల నుంచి పదహారవ శతాబ్ది కోట దాకా అన్ని కాలాల జాడలూ ఆ ఒక్క లోయలో దొరికాయి. ముప్ఫైకి పైగా బౌద్ధ నిర్మాణాలు, కార్తికేయుడికీ శివుడికీ విష్ణువుకూ గుళ్ళు, స్నానఘట్టాలు, అశ్వమేధపు ఆనవాళ్ళు, రోమను బంగారు నాణేలు బయటపడ్డాయి. అంత తవ్వకానికి సంబంధించిన నివేదిక మొదటి సంపుటి 1975 లో, చారిత్రక యుగపు రెండవ సంపుటి 2006 లో వెలువడ్డాయి. తవ్వడానికి ఆరేళ్ళు, చెప్పడానికి నలభైఆరేళ్ళు. ఎవరినీ నిందించడానికి కాదు, ఆ లోయ ఎంత లోతైనదో తెలియడానికి ఈ మాట అన్నాను.

కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి, మునగని చోటికి మోసుకుపోయి మళ్ళీ కట్టారు. కొన్నిటికి నమూనాలు చేశారు. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కింద మునగబోయే నూబియా ఆలయాల కోసం యునెస్కో ప్రపంచానికి పిలుపునిచ్చింది 1960 లో. అబూ సింబెల్‌ను కోసి పైకి జరిపింది 1964, 1968 మధ్య. ఆ పని ప్రపంచమంతా చెప్పుకుంది. అంతకు ముందే ఇక్కడ పల్నాటిలో అలాంటి పనే జరిగిందని మనలోనే చాలామందికి తెలియదు. ఈ అనుభవమే తరువాత శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించే వేళ పనికివచ్చి ఉంటుందనుకుంటాను.

అలా తరలివచ్చిన వాటిని చూడాలంటే అనుపు వెళ్ళాలి. విజయపురి సౌత్ నుంచి రోడ్డున కొద్ది కిలోమీటర్లే. జనం తక్కువ, గాలి ఎక్కువ. ఇక్కడున్నది రంగస్థలం. నాలుగు వైపులా మెట్లు, నడుమ దీర్ఘచతురస్రపు బయలు. సుమారు వెయ్యిమంది కూర్చుని చూడవచ్చు. ప్రాచీన భారతంలో ఇలాంటి కట్టడం చాలా అరుదు. మెట్ల కొసన ఒకర్ని నిలబెట్టి, నడుమ నిలబడి మామూలు గొంతుతో మాట్లాడండి. పైకి స్పష్టంగా వినిపిస్తుంది. నేను పరీక్షించాను. పదిహేడు వందల ఏళ్ళ కిందట ఇక్కడ ఏమాడారో, కుస్తీలో నాటకాలో, ఎవరు గెలిస్తే ఎవరు ఈలలు వేశారో! మట్టిలోంచి తీసి మరో చోట మళ్ళీ పేర్చినా ఆ రాళ్ళు ధ్వని మరచిపోలేదు. దగ్గరలో హారీతి గుడి. పిల్లలను ఎత్తుకుపోయే యక్షిణి బుద్ధుడి దయవల్ల పిల్లల తల్లి అయిన కథ ఆమెది. ఆమె ఎదుట నీటి అంచు. సాయంకాలం అక్కడ కూర్చుంటే కాళ్ళ కింద అల చప్పుడు తప్ప మరేమీ ఉండదు.

ఇక లాంచీ ఎక్కి నాగార్జునకొండ. అది ద్వీపం కాదు, మునగని కొండ తల. కోట గోడలు మధ్యయుగానివి. గజపతుల చేతుల్లో ఉన్న ఈ కోటను 1515 నాటి దండయాత్రలో కృష్ణదేవరాయలు గెలుచుకున్నాడు. కొండ మీద 1966 నుంచీ మ్యూజియం ఉంది. నిలువెత్తు బుద్ధుడు, జాతక కథలు, శిరస్త్రాణం పెట్టుకున్న శకసైనికుడి బొమ్మ ఉన్నాయి. అన్నీ లేతాకుపచ్చ ఛాయ ఉన్న పలనాటి సున్నపురాతివే. ఈ మధ్యనే మాచర్లలో లారీలకు ఎత్తుతుండగా చూసిన నాపరాళ్ళకు దూరపు చుట్టాలు. బయట తిరిగి కట్టిన స్తూపాలు, సింహళ విహారం, స్నానఘట్టం ఉన్నాయి. మహాచైత్యం అడుగు బండిచక్రంలా ఉంటుంది, ఇరుసు, ఆకులు, అంచు అన్నీ. దాన్ని కట్టించింది చాంతిసిరి, చాంతమూలుడి చెల్లెలు, వీరపురుషదత్తుడి మేనత్త, అత్తగారు కూడా. అన్న అశ్వమేధం చేసినవాడు, కార్తికేయ భక్తుడు. చెల్లెలు బౌద్ధోపాసిక. ఒకే ఇంట్లో రెండు దారులు, దెబ్బలాట ఉన్నట్టు ఎక్కడా లేదు.

ఆచార్య నాగార్జునుడు ఇక్కడే ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది, కొండ పేరూ అదే చెబుతుంది. ఇక్ష్వాకుల శాసనాలు మాత్రం ఈ చోటిని శ్రీపర్వతం అంటాయి, విజయపురి అంటాయి. నాగార్జునాచార్యుడి పేరు కనిపించే శాసనం కృష్ణ దిగువన జగ్గయ్యపేటలో దొరికింది. అదీ తరువాతి కాలానిది. విశ్వాసాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. పేర్లు ఎక్కడెక్కడికో తరలిపోతాయని మాత్రం ఈ దారి మనకు మాటిమాటికీ నేర్పుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటె ఇష్టమైన చోటుకు వస్తాను. అది చూసే చోటు కాదు, చదివే చోటు. వీరపురుషదత్తుడి 14 వ రాజ్యసంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన ప్రాకృత శాసనం. రాణి కాదు, గోవగామ అనే ఊరికి చెందిన ఒక సంపన్న గృహస్థురాలు. శ్రీపర్వతం మీద, విజయపురికి తూర్పున, చులధమ్మగిరి విహారంలో సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆ భిక్షువులు కాశ్మీర, గాంధార, చీన, వనవాసి, యవన, ద్రావిడ దేశాల దాకా ధర్మాన్ని చాటినవారని పొగిడింది. ఆ తరువాత తాను చేయించిన పనులన్నీ వరసగా చెబుతుంది. కులహ విహారంలో ఒక చైత్యగృహం, సీహళ విహారంలో బోధివృక్షానికి ప్రాసాదం, మహాధమ్మగిరిలో ఒక గది, మహావిహారంలో మండపానికి స్తంభం, దేవగిరిలో ధ్యానశాల, పువసేలలో చెరువూ ముందువసారా మండపమూ, కంటకసేలలో మహాచైత్యం తూర్పువాకిట రాతిమండపం, హిరుముఠువలో మూడు గదులు, పపిలలో ఏడు గదులు, పుప్ఫగిరిలో రాతిమండపం.

ఈ జాబితాను ఒకసారి దానశాసనంగా కాక ప్రయాణికుడి కళ్ళతో చదవండి. కంటకసేల అంటే నేటి ఘంటసాల, కృష్ణ సముద్రంలో కలిసే సీమలో ఆనాటి రేవు. సింహళం నుంచి ఓడ దిగిన భిక్షువు కంటకసేలలో మొదలుపెట్టి కృష్ణ వెంట పైకి నడుచుకుంటూ శ్రీపర్వతం చేరాలి. అతనికి దారిలో కావలసిందేమిటి? తాగడానికి చెరువు, తల దాచుకోవడానికి గది, ఎండ తగలకుండా మండపం, మౌనంగా కూర్చోవడానికి శాల. బోధిసిరి కట్టించినవి సరిగ్గా అవే. తీరం నుంచి విజయపురి దాకా ఆగవలసిన చోట్ల పట్టికను మనకంటె పదిహేడు వందల ఏళ్ళ ముందే ఒక ఇల్లాలు రాతిమీద రాయించిపెట్టింది. మన పట్టికకూ ఆమె పట్టికకూ తేడా ఒక్కటే. మనం ఆగితే మనకేం దొరుకుతుందో రాసుకుంటాం. ఆమె, ఆగినవాడికి తానేం ఇవ్వగలదో రాసుకుంది. పుణ్యం తన భర్తకు, తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, చుట్టాలందరికీ, చివరకు సకల లోకానికీ చెందాలని పంచిపెట్టింది.

ఆ శాసనం కొసన ఒక పేరుంది. రాతిపని చేసింది విధికుడు అని. ఒక శిల్పి, ఒక రాళ్ళు కొట్టేవాడు, రాజు పేరున్న రాతిమీదే తన పేరుతో నిలబడ్డాడు. నేను డ్యాం గోడ కింద నిలబడ్డప్పుడల్లా విధికుడు గుర్తొస్తాడు. శంకుస్థాపన ఫలకం మీద ఎవరి పేరుందో మనందరికీ తెలుసు. ఆ గోడలో రాయి పేర్చిన వేలాదిమంది పేర్లు నాకు అక్కడ ఎక్కడా కనిపించలేదు. నీళ్ళకు తావిచ్చి లేచిపోయిన ఊళ్ళ పేర్లూ కనిపించలేదు. నాకు జంకు ఎక్కడినుంచి వస్తోందో అక్కడ తెలిసింది. ఆనకట్ట కట్టడం తప్పని కాదు, లోయ మునగడం ఒక్కటే కాదు. ఇచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం మూడవ శతాబ్దికి తెలిసిన మర్యాద, మనం ఆ మర్యాదను కూడా ముంచేశామేమోనని.

కాబట్టి ఈ దారిన వెళ్ళేవాళ్ళకు నా సలహా ఇంతే. ఎత్తిపోతల దగ్గర ఆగండి, ఆ నీరు ఎక్కడినుంచి వచ్చిందో అడగండి. అనుపులో మెట్ల మీద కూర్చోండి, ఆ రాళ్ళు అంతకు ముందు ఎక్కడుండేవో తలచుకోండి. లాంచీ మెట్ల మీద చుట్ట కాల్చే పెద్దాయనెవరైనా ఉంటే పలకరించండి, ఊరి పేరు అడిగి రాసుకోండి. అందం తగ్గదు. నా అనుభవంలో పెరుగుతుంది.

మాచర్ల బస్టాండులో కండక్టర్లు "సాగర్, సాగర్" అని కేకేస్తారు. అందరూ అదే అంటారు, అదే సులువు. నేను మాత్రం టికెట్టు అడిగేటప్పుడు "విజయపురి" అనే అంటాను. కండక్టరు ఒక్క క్షణం నా మొహం చూసి, "సౌతేగా?" అని చించి ఇస్తాడు.